ఎర్ర అట్ట

మేము కుడతినిలో ఉంటాం. మా ఆయన కరెంటు ప్లాంటులో మోటార్లు రిపేరు చేస్తారు. పోయిన వానాకాలం, ముసురు పట్టిన రోజున, మా బట్టల డ్రయ్యర్ మధ్యలోనే ఆగిపోయింది. ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

ఆయన గోడ స్విచ్ ఆపి, వెనక రేకు విప్పి, లోపలి బోర్డు దగ్గర వదులైన వైర్లు బిగిస్తున్నారు. ప్లాంటులో అయితే, ఆపిన స్విచ్‌కి "మనిషి పనిలో ఉన్నాడు" అనే ఎర్ర అట్ట తగిలించందే మోటారు మీద చెయ్యి వేయరు.

"ఈడా తగిలించొచ్చు కదా?" అన్నాను.

"ఈడ పరాయోళ్ళు యాడుండారు? ఉండేది మనమే కదా" అని నవ్వారు.

అంతలో మా అత్తమ్మ వచ్చింది. "ఏందప్పా, స్విచ్చే వేయకుండా మిషను చెడిపోయిందంటాండావు!" అంటూ టక్కున వేసేసింది.

వైరు అప్పటికే బిగిసినట్టుంది, ఆగిన డ్రమ్ము గిర్రున తిరిగింది. దాన్ని తిప్పే బెల్టు ఆయన చొక్కా చేతిని లాగేసుకుంది. నేను ఒక్క ఉదుటున పోయి స్విచ్ ఆపేశాను. చొక్కా చిరిగింది, చెయ్యి దక్కింది. అత్తమ్మ కూలబడి, కొడుకు వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది.

ఇప్పుడు మా ఇంట్లోనూ ఒక ఎర్ర అట్ట ఉండాది. స్విచ్ పక్కన మేకు కొట్టించి తగిలించింది అత్తమ్మే. పరాయివాళ్ళెవరూ మన ఇంటికొచ్చి స్విచ్ వేయరు. సాయం చేద్దామని వేసేది మనవాళ్ళే.