గోడకుర్చీ మాస్టారు

మాస్టారికి ఒకటే జబ్బు. ఎదురుగా ఒక మనిషీ, ఆ మనిషి వెనక ఒక గోడా కనిపిస్తే చాలు, గోడకుర్చీ వేయించకుండా ఉండలేరు.

గోడకుర్చీ అంటే బడిలో పాఠం అప్పజెప్పని పిల్లలకు వేసే శిక్ష కదా అని మీరనొచ్చు. మాస్టారి దగ్గర అనకండి, మీ చేతా వేయిస్తారు. వీపు గోడకి ఆనించి, మోకాళ్ళు మడిచి, కింద ఏమీ లేకపోయినా కుర్చీ ఉన్నట్టే కూర్చోవడం ఆయన లెక్కలో విద్య, వైద్యం, వినోదం కూడా. ముప్పై ఏళ్ళుగా స్కీయింగ్ పోటీలకి వెళ్ళేవాళ్ళ కాళ్ళకి బలం పట్టించడమే ఆయన వృత్తి. "కొండ మీంచి కిందిదాకా మోకాళ్ళు వంచే జారాలి. అంటే ఏమిటి? గోడ లేని గోడకుర్చీ! గోడ ఉండగానే కూర్చోలేనివాడు, లేనప్పుడేం కూర్చుంటాడు?" అంటారు.

ఇది శిష్యులతో ఆగితే గొడవే లేదు. శిష్యులు కసరత్తు చేసే హాల్లో లైటు బాగుచెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్, నిచ్చెన ఎక్కుతూ "మోకాళ్ళు పట్టేస్తున్నాయండీ" అన్నాడు పాపం. లైటు వెలగడానికి ముందు అతను రెండు నిమిషాలు గోడకి అతుక్కున్నాడు. సొంత బావమరిది కూతురి పెళ్ళికి పిలవడానికి వస్తే ఆయన్నీ వదల్లేదు. "పెళ్ళెప్పుడోయ్?" అని అడిగితే, చేతిలో కార్డు గడగడలాడుతుండగా "వచ్చే... నెల... బావా..." అన్నాడాయన. పెళ్ళిలో పెళ్ళికూతురి తండ్రి కుంటుతూ తిరగడానికి కారణం చాలామందికి ఇప్పటికీ తెలీదు.

సెలవు కావాలన్నా, ఫిర్యాదు చెయ్యాలన్నా మాస్టారి దగ్గర ఒకటే మాట. "గోడకుర్చీ వేసి చెప్పు."

ఆ హాల్లో అందరూ సీనియర్ అని పిలిచే అమ్మాయి ఎనిమిదేళ్ళుగా అలాగే చెబుతోంది. కిటికీ పక్క గోడ మీద ఆమె వీపు రాసుకుని రంగు పోయి, సొరకాయంత మచ్చ పడింది. ఏడు నిమిషాల ఇరవై సెకన్ల రికార్డు ఆమెది. ఇనప బిళ్ళల బార్బెల్ భుజాన వేసుకుని ఆమె స్క్వాట్లు తీస్తుంటే, మిగతావాళ్ళు చేస్తున్న పని ఆపి చూసేవాళ్ళు. మాస్టారు మాత్రం ఎనిమిదేళ్ళలో ఆమెని మెచ్చుకున్న మాట "ఊఁ" ఒక్కటే. ఆ ఊఁ కోసమే ఆమె పొద్దున్నే చలిలో వణుక్కుంటూ అంతదూరం వచ్చేది.

అలాంటి రోజుల్లో ఊడిపడింది కొత్తపిల్ల. పంతొమ్మిదేళ్ళు. వచ్చిన రోజే "అక్కా" అని పిలిచింది. ఇరవై ఆరేళ్ళకే అక్కేమిటి? అది చాలక "అక్కా, ఈ కిటికీ పక్కన నేను కూర్చోనా?" అంది. సీనియర్ నోరు తెరిచేలోగా మాస్టారే "కూర్చో కూర్చో" అనేశారు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు పెద్దలు. సీనియర్ గోడకుర్చీ వేసి మూడు నిమిషాలు కాగానే మాస్టారు "చాలు, లే" అనడం మొదలుపెట్టారు.

"ఇంకా ఉంటాను మాస్టారూ."

"లెమ్మన్నానా?"

"నేను ఏడు నిమిషాలు..."

"గడియారం నాకూ కనిపిస్తుంది. లే."

పక్కనే కొత్తపిల్లకి మాత్రం "శభాష్! ఇంకొక్క నిమిషం! శభాష్!" సీనియర్ ఒకరోజు పనిగట్టుకుని లెక్కపెట్టింది. పద్నాలుగు శభాష్‌లు! పైగా తన బార్బెల్‌కి రెండు బిళ్ళలు తీసేసి, ఆ పిల్లకి రెండు బిళ్ళలు ఎక్కించారు. సీనియర్ కళ్ళలో నిప్పులు పోసుకుంది. ఆ పిల్ల నవ్వితే కుళ్ళు, చెమట తుడుచుకుంటే కుళ్ళు, నీళ్ళు తాగితే కూడా కుళ్ళే. "నువ్వు కూడా తాగక్కా" అని సీసా ఇవ్వబోతే, దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా "అక్కర్లేదు" అంది.

అసలు భయం వేరే ఉంది. పెద్ద పోటీలకి వెళ్ళే జట్టులో ఆడవాళ్ళకి మిగిలింది ఒక్క చోటు. రెండుసార్లు అందినట్టే అంది జారిపోయింది. ఈసారి కూడా పోతే, ఈ వయసులో ఇంకోసారంటూ ఉండదు. పైగా నెల కిందట మంచు మీద పడ్డప్పటినుంచీ ఎడమ మోకాలు సలుపుతోంది. ఆ సంగతి ఆమె కన్నతల్లికి కూడా చెప్పలేదు.

అప్పుడే నోటీసు బోర్డు మీద సెలక్షన్ పోటీల జాబితా పడింది. మొదటి బ్యాచ్ నెలాఖరుకి. అందులో కొత్తపిల్లతో సహా అందరి పేర్లూ ఉన్నాయి. రెండో బ్యాచ్ ఆ తర్వాత మూడు వారాలకి. అందులో ఒకటే పేరు, సీనియర్‌ది. రెండో బ్యాచ్ అంటే మిగిలిపోయినవాళ్ళ బ్యాచ్ అని అందరికీ తెలుసు. పుండు మీద కారం చల్లినట్టు, కొత్తపిల్ల వచ్చి "అయ్యో అక్కా, మనం కలిసి దిగమా?" అంది.

 వారం రోజులుగా మాస్టారు కుర్చీలోంచి లేవడమే మానేశారు. కూర్చున్నచోటినుంచే కేకలు. తన దగ్గరికొచ్చి నిలబడే పాటి విలువ కూడా తనకి లేదని సీనియర్‌కి అర్థమైపోయింది.

ఎదురువీధిలో అద్దాల హాలు పెట్టిన కోచ్ ఎప్పటినుంచో పిలుస్తున్నాడు. "మీలాంటివాళ్ళు గోడకి ఆనుకుని కూర్చోవడమేమిటండీ? మా మెషీన్లు చూడండి" అంటాడు. అక్కడికే పోవాలని నిశ్చయించుకుని, మధ్యాహ్నం హాలు పైనున్న మాస్టారి ఇంటికి వెళ్ళింది. మాస్టారు సోఫాలో పడుకుని, రెండు కాళ్ళూ దిండ్ల మీద పెట్టుకుని ఉన్నారు.

"మాస్టారూ, నేను మానేస్తున్నాను."

"గోడకుర్చీ వేసి చెప్పు."

"మానెయ్యడానికి కూడానా!"

"ఎనిమిదేళ్ళు వేశావు. ఇంకొక్కసారికి అరిగిపోతావా?"

పళ్ళు కొరుకుతూ గోడకుర్చీ వేసింది. మొదటి నిమిషం ఎంతో మర్యాదగా నడిచింది.

"మీ మీద గౌరవం ఉంది మాస్టారూ. కాకపోతే పద్ధతులు మారుతున్నాయి కదా..."

"ఊఁ."

రెండో నిమిషంలో మెషీన్ల గురించి చెప్పింది. మాస్టారు మళ్ళీ "ఊఁ" అన్నారు. మూడో నిమిషంలో తొడలు వణకడం మొదలుపెట్టాయి. మర్యాద కాస్తా జారిపోయింది.

"పద్నాలుగు శభాష్‌లు! ఒక్కరోజులో! నాకు ఎనిమిదేళ్ళలో ఒక్కటైనా అన్నారా? నాకు కుళ్ళు మాస్టారూ! ఆ పిల్లని చూస్తే ఒళ్ళంతా కుళ్ళు! అదేమో హాయిగా కూర్చుంటుంది, నేనేమో మోకాలు సలిపి సలిపి రాత్రిళ్ళు నిద్ర లేక..."

అనేశాక నాలుక కరుచుకుంది.

"చాలు, లే" అన్నారు మాస్టారు. "ఆ మోకాలితో మూడు నిమిషాలకన్నా కూర్చోకూడదు."

సీనియర్ లేవడం మరిచిపోయి గోడ మీదినుంచి కిందికి జారి చతికిలబడింది. "మీకు తెలుసా?"

"నెల రోజులుగా నీ ఎడమ మడమ నేలని నొక్కడం లేదు. అందుకే బిళ్ళలు తీశాను, తొందరగా లేపాను. నిలబడి మాట్లాడేవాళ్ళు చెప్పాలనుకున్నది చెప్తారమ్మాయ్. గోడకుర్చీలో ఉన్నవాళ్ళు ఉన్నది చెప్తారు. మా బావమరిది పెళ్ళికి పిలవడానికొచ్చి, ఆ పెళ్ళంటే తనకెంత బెంగో నాలుగో నిమిషంలో చెప్పి ఏడ్చాడు. నువ్వు గట్టి ఘటానివి, నీకు అయిదైనా పడుతుందనుకున్నాను. ఇవాళ కోపం కలిసొచ్చింది."

"మరి ఆ శభాష్‌లు?"

"దానికి కూర్చోవడం ఒక్కటే వచ్చు. మంచు మీదికెళ్తే, దారిలో జెండాలు పాతి పెట్టే గేట్లలో మూడోది దాటదు. వచ్చిన ఒక్కదానికైనా శభాష్ అనొద్దూ?"

"సరే, మరి నన్ను రెండో బ్యాచ్‌లోకి ఎందుకు తోశారు?"

మాస్టారు మొహం అటు తిప్పుకున్నారు. వేడినీళ్ళ సంచీ పట్టుకుని వచ్చిన ఆయన భార్య ఊరుకోలేదు.

"తొయ్యడమా! ఆ బ్యాచ్ కోసం ఈయన చేసిన నిర్వాకం నీకు తెలుసా? సెలక్షన్ ఆఫీసుకెళ్ళి నీ మోకాలి సంగతి ఉన్నదున్నట్టు చెప్పారు. మూడు వారాలు గడువిస్తే నయమవుతుంది, డాక్టరు చూసి సరేనన్నాకే దింపండి అని బతిమాలారు. ఆ సెక్రటరీ ససేమిరా కుదరదన్నాడట. కుదిరేదాకా ఇక్కడే కూర్చుంటానన్నారు ఈయన. కూర్చోండి అని అతను కుర్చీ చూపించాడు..."

"కుర్చీలో కూర్చోలేదా?" అంది సీనియర్, జవాబు తెలిసి కూడా.

"కుర్చీలో కూర్చుంటే ఈయనెందుకవుతారు? గోడ దగ్గరికెళ్ళారు! అరవై మూడేళ్ళ మనిషి! అయిదో నిమిషానికి ఆఫీసంతా గుమిగూడిందట. పదకొండో నిమిషానికి సెక్రటరీ, ఈ పెద్దాయన నా గోడకి ఆనుకుని పోతే నా ఉద్యోగం పోతుందయ్యా బాబూ అని సంతకం పెట్టాడు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చారమ్మా ఈయన్ని. వారమైంది, మెట్లు దిగాలంటే నా భుజం కావాలి."

సీనియర్‌కి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఒక్కమాట నాకు చెప్పొచ్చుగా మాస్టారూ!"

"నువ్వు మోకాలి సంగతి చెప్పావా?" అన్నారాయన సోఫాలోంచి. "సరికి సరి."

మొదటి బ్యాచ్‌లో కొత్తపిల్ల మూడో గేటు దగ్గరే పడింది. మూడు వారాలు మాస్టారు చెప్పినట్టల్లా విన్న సీనియర్, డాక్టరు మోకాలు నొక్కి చూసి సరేనన్నాక, ఒక్కతే కొండ దిగింది. మొదటి బ్యాచ్‌లో అందరికన్నా ముందున్నమ్మాయి కంటే అర సెకను తక్కువలో వచ్చింది. జట్టులో ఆ ఒక్క చోటూ ఆమెకే దక్కింది.

ఆ సాయంత్రం హాల్లో బిళ్ళలు సర్దుతుంటే కొత్తపిల్ల పక్కనే వచ్చి నిలబడింది. మొహం మాడిపోయి ఉంది.

"చోటు నీకొచ్చినందుకు కాదక్కా, ఒట్టు. అది నీదే. శభాష్‌దేముంది, నోటితో అనేదే కదా. నీ కోసం మాస్టారు ఎక్కడికో వెళ్ళి గోడకుర్చీ వేశారట. అది తలుచుకుంటే కడుపు మండిపోతోంది. నా కోసం ఎవరైనా అలా కూర్చుంటారా?"

సీనియర్‌కి ఆ పిల్ల మీద మొదటిసారి నిజంగా ప్రేమ పుట్టుకొచ్చింది. భుజం మీద చెయ్యి వేసి, మూడో గేటు తను నేర్పుతానని మాటిచ్చింది. కళ్ళు తుడిచింది, నీళ్ళు తాగించింది.

"నిజంగా పదకొండు నిమిషాలు కూర్చున్నారా అక్కా?" అంది కొత్తపిల్ల ముక్కు ఎగబీలుస్తూ.

సీనియర్ ఎంతో జాలిగా ఆ పిల్ల తల నిమిరింది.

"పన్నెండు" అంది.