నడకకు కూలి అడిగిన మా అత్త

కిందటి సోమవారం మా మేనత్త ఆనేకల్‌లో పోయింది. కబురంది నేను బెంగళూరు నుంచి వెళ్లేసరికి, ఒకప్పుడు ఆమె దగ్గర అప్పు వసూలు చేసినవాడే అరుగు మీద కూర్చుని, "మంచి మనిషప్పా, ఎవురికీ బాకీ పెట్టుకోలా" అంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. "ఈ రాకకు ఎంత రాసుకుంటావు?" అని అడిగాను. చెప్పులు వేసుకుని పోయాడు.

ఎందుకలా అడిగానో చెప్పాలి. మామ నూలు కోసం చేసిన అప్పు తీరకముందే చనిపోయాడు. అత్త మగ్గం నేసి వారంవారం కట్టేది. అయినా బాకీ తరిగేది కాదు. వీడు వచ్చినప్పుడల్లా బండి ఖర్చు కలిపేవాడు. ఉండేది పక్కవీధిలో, రాసుకునేది బెంగళూరు నుంచి జట్కా కట్టుకుని వచ్చినట్టు! ఆమె ఇంట్లో లేకపోతే, మళ్లీ వచ్చినందుకు ఇంకొక రుసుము.

"అప్పు మాది, ఇస్తాము. వాని కాళ్లకు కూడా మేమే కూలి ఇయ్యల్లా?" అనేది అత్త.

ఇలాంటి రుసుములకు హద్దు పెట్టే బిల్లు శాసనసభకు వచ్చిందని, సభ్యులు జనం గోడు వింటున్నారని నేనే ఆమెకు ఉత్తరం రాశాను. బస్సుకు డబ్బుల్లేక తెల్లవారకముందే బయలుదేరి, పొద్దుగూకే వేళకు మా ఇంటికి చేరింది. మర్నాడు సభ్యుల ముందుకు తీసుకెళ్లాను. వాళ్లలో ఒకాయన నవ్వాడు.

"ఏమమ్మా, బండి ఖర్చు కోసమా ఇంత దూరం వచ్చింది?"

"అవునయ్యా. నడిచే వచ్చినా. నా నడకకు కూలి ఎవురిని అడగల్లో చెప్పుండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. రాసుకుంటున్న గుమాస్తా కలం ఆపి ఆమె పాదాల వంక చూశాడు.

చట్టం వచ్చింది. ముందుగా రాసివ్వని రుసుము ఏదీ తీసుకోకూడదన్నారు. కానీ అది రావడానికి రెండేళ్లు పట్టింది. ఈలోగా అసలు, వడ్డీ తీరినా, బండి ఖర్చుల కింద ఆమె మగ్గం విప్పుకుని పోయారు. బండి ఖర్చుల కింద! ఎప్పుడూ కట్టని బండికి!

చట్టం సంగతి చెబితే అత్త, "మంచిదప్పా, ఇంగొక ఇంట్లోనన్నా మగ్గం నిలుస్తాది" అంది. ఆ తర్వాత పరుల ఇళ్లలో మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతికింది. అంత మనసు నాకు లేదు. రాదు కూడా.

ఆమెను సాగనంపి వచ్చి ఇంట్లోకి వెళ్లాను. మగ్గం పోయినా, దాని కింది గుంతను ఆమె ఎవరినీ పూడ్చనివ్వలేదు. దాని అంచున, ఆమె రోజూ కాళ్లు లోపలికి దించి నేస్తూ కూర్చున్న చోట, మట్టి అరిగి నున్నగా పల్లం పడి ఉంది.