పెద్దమ్మ పట్టిన మజ్జిగ నోము

నా చిన్నప్పుడు మా వైపు హైస్కూలుకు వెళ్లే ఆడపిల్లకు దాహం వేయకూడదు. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, ఏ మాస్టారూ మాకు చెప్పలేదు. అయినా అందరికీ తెలుసు. బడికి గదులున్నాయి, వరండా ఉంది, జెండా కర్ర ఉంది. ఆడపిల్లలు ఒంటికి వెళ్లడానికి మాత్రం చోటు లేదు. మగపిల్లలు గంట కొట్టగానే తుమ్మ చెట్ల వెనక్కి పరుగెత్తేవాళ్లు. మాకు ఆ వీలు లేదు కాబట్టి మేం నీళ్లే మానేశాం. తాగితేనే కదా వెళ్లాల్సి వచ్చేది! ఎంత తెలివైనవాళ్లమో చూడండి.

మాది మాచవరం దాటి లోపలికి వెళితే వచ్చే చిన్న ఊరు. హైస్కూలు పక్క ఊళ్లో ఉండేది, నడిచి వెళ్లాలి. దారిలో సున్నపు బట్టీలకు రాయి తోలే లారీలు ఎదురొచ్చేవి. వాటి దుమ్ముకు నోరు పిడచకట్టుకుపోయేది. దానికి తోడు మధ్యాహ్నం క్యారేజీలో పండుమిరపకాయల పచ్చడి కలిపిన అన్నం. పల్నాటి కారం తిని నీళ్లు తాగకుండా కూర్చోవడమంటే ఏమిటో తిన్నవాళ్లకే తెలుస్తుంది. కళ్లల్లోంచి, ముక్కులోంచి నీళ్లు కారేవి గానీ గొంతులోకి చుక్క దిగేది కాదు. చింతపండు ఉండ ఒకటి బుగ్గన పెట్టుకుని నోరు తడి చేసుకునేవాళ్లం. సాయంత్రం దాకా నీళ్లు ముట్టని పిల్ల మాలో గొప్పది. ఆ గొప్ప నాకు చాలాసార్లు దక్కింది.

ఇంట్లో మా నాయనమ్మ కూడా పొద్దున్నే నీళ్ల బిందె దగ్గర కాపలా కాసేది. నేను చెంబు ముంచితే చాలు, "ఏమే, ఆ గుక్కతో ఆపు. దారిలో యాడ కూర్చుంటావు?" అని గదమాయించేది. నాయనమ్మ చెడ్డది కాదు. తన వంతు పాలు కూడా నాకే పోసే మనిషి. కానీ ఆడపిల్ల రోడ్డు పక్కన కూర్చోగా ఎవరైనా చూస్తే ఏమవుతుందోనన్న భయం ముందు ఆవిడకు ఇంకేదీ కనిపించేది కాదు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, పబ్లిక్ పరీక్షలు దగ్గర పడుతున్న రోజుల్లో, ఆ తెలివి నా ఒంటికి ఎదురు తిరిగింది. ఒంటికి వెళ్తే మంట. నడుం దగ్గర పోటు. సాయంత్రమయ్యేసరికి చలి పుట్టుకొచ్చేది. మా అమ్మతో కూడా చెప్పలేదు, సిగ్గు. మంట పుడుతోంది కదా అని ఉన్న కాసిని నీళ్లు కూడా తగ్గించాను. మంటకు నీళ్లే మందని తెలియని చదువు నాది. లెక్కల్లో మాత్రం క్లాసు ఫస్టు.

బడి పక్క సందులో ఒక పెద్ద ఇల్లుండేది. మా పల్నాట్లో నాపరాళ్లకు కొదవ లేదు కదా, ఆ ఇంటి ప్రహరీ అంతా నిలువు నాపరాళ్లే. ఆ ఇంటాయన ఊళ్లో పెద్ద రైతు, పెద్ద కోపిష్టి. ముందరి అరుగు మీద పొద్దస్తమానం పంచాయతీలు, పార్టీ మాటలు, చుట్ట పొగ. ఆయన భార్యను బడి పిల్లలందరం పెద్దమ్మ అనేవాళ్లం. మాలో ఎవరికీ చుట్టం కాదు. దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి బడికి వచ్చే పోయే ఆడపిల్లలను చూస్తూ ఉండేది, అంతే. ఒక రోజు ఇంటర్‌బెల్లులో, ఆ గుమ్మం ముందే కళ్లు తిరిగి పడ్డాను.

తేరుకునేసరికి పెద్దమ్మ ఒళ్లో తల ఉంది. నా పెదవులకు చెంబు ఆనించింది. నేను పళ్లు బిగించాను. "తాగవే. ఏంది, మంచినీళ్లకి కూడా బతిమాలించుకుంటావా?" అంది. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను, "తాగితే మళ్లీ వస్తది పెద్దమ్మా. యాడికి పోవాల?"

ఆమె నన్ను లేపి చెయ్యి పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్లింది. దొడ్డి చివర నాపరాళ్లు నిలబెట్టి కట్టిన చిన్న గది, తొట్టి నిండా నీళ్లు, లోపల గడియ. ఆ గడియ పెట్టుకుని మంటకు తట్టుకోలేక ఏడ్చాను. బయటికి వచ్చేసరికి పెద్దమ్మ ఆ గది ముందే కూర్చుని ఉంది, చెంబు చేతిలోనే ఉంది. "ఎన్నాళ్ల నుంచే ఇట్టా?" అని అడిగింది. ఆరో తరగతి నుంచి అని, నాయనమ్మ బిందె కాపలాతో సహా చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. మా ఇంట్లో నాకోసం ఎవరూ కళ్లు తుడుచుకోగా అప్పటిదాకా చూడలేదు. ఆ చెంబెడు నీళ్లూ తాగేశాను. తర్వాత వాళ్ల ఎడ్లబండి కట్టించి ఇంటికి పంపింది.

నాన్న నన్ను పిడుగురాళ్లలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన సూదులు వేసి, మాత్రలు రాసి, పిల్ల చేత రోజంతా నీళ్లు తాగించండి, లేకపోతే కిడ్నీల మీదికొస్తుంది అని గట్టిగా చెప్పాడు. ఇంటికొచ్చాక నాయనమ్మ ఆ మాట విని తనకు తోచిన వైద్యం తాను చెప్పింది. "నీళ్లు తాగాలంటే ఇంట్లోనే ఉండాల. ఇంట్లో ఉంటే బడెందుకు? చదివింది చాలు, మానిపించు" అంది. నాన్న నేల చూపులు చూశాడు. ఆయనకు నన్ను చదివించాలనే ఉంది. కానీ డాక్టరు చెప్పింది కాదనలేడు, తల్లికి ఎదురు చెప్పలేడు. నేను గోడ వైపు తిరిగి పడుకుని, పరీక్షలు రాయకుండానే నా చదువు అయిపోయిందని వెక్కి వెక్కి ఏడ్చాను. జ్వరం కంటే ఆ బాధే ఎక్కువగా ఉంది.

జ్వరం తగ్గిన వారంలోనే మా వాకిట్లో ఎడ్లబండి ఆగింది. పెద్దమ్మ దిగింది. పట్టుచీర, చేతిలో కుంకుమ భరిణ. పేరంటానికి పిలవడానికి వచ్చిన ముత్తయిదువును గుమ్మంలో నిలబెట్టకూడదు కదా, నాయనమ్మ హడావిడిగా చాప పరిచింది. పెద్దమ్మ ముందు మా అమ్మకు, తర్వాత నాకు బొట్టు పెట్టింది. అప్పుడు వచ్చిన పని చెప్పింది. "నేను నోము పట్టానత్తా. బడికొచ్చే కన్నెపిల్లలకి రోజూ ఇంటర్‌బెల్లు కొట్టగానే మా ఇంట్లో మజ్జిగియ్యాల. ఒక్క పిల్ల తగ్గినా నోము చెడుద్ది. మీ పిల్లని పంపకపోతే ఆ దోషం చానా పెద్దది."

మా నాయనమ్మకు నోముల్లో పెద్ద పేరు. మా ఊళ్లో ఎవరు ఏ నోము పట్టినా విధానం ఆవిడనే అడిగేవాళ్లు. "ఇదేం నోమే అమ్మాయ్, నేనెరగని నోము?" అంది అనుమానంగా. పెద్దమ్మ తడుముకోలేదు. అది తన పుట్టింటివాళ్ల నోమట, నూజెండ్ల అవతల పల్లెల్లో చేస్తారట, ఇటువైపు వాళ్లకు తెలియదట. నూజెండ్ల దాకా వెళ్లి వాకబు చేసే ఓపిక మా నాయనమ్మకు ఎక్కడిది! విధానం ఏమిటని అడిగింది. పెద్దమ్మ వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయింది. పిల్ల దొడ్డి గుమ్మంలోంచే రావాలి. ముందు లోపలికెళ్లి శుభ్రంగా కాళ్లు కడుక్కోవాలి. కూర్చుని నిండు గ్లాసు తాగాలి. గ్లాసు బోర్లిస్తే చుక్క రాలకూడదు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు కూడా కడుపు నిండా నీళ్లు తాగి రావాలి, ఎండిన గొంతుతో వచ్చిన పిల్లకు ఇస్తే ఫలం దక్కదు. ఆ చివరి నియమం మా నాయనమ్మ కోసమే పుట్టిందని నాకు చాన్నాళ్లకు గానీ తట్టలేదు.

డాక్టరు మాటకు లొంగని మనిషి నోముకు లొంగిపోయింది. "పంపకపోతే ఎట్టాలే. ఒకరి నోము చెరిపిన పాపం మనకెందుకు" అంది. నాన్న ముఖం చూడాలి, పంట చేతికొచ్చినట్టు వెలిగిపోయింది. సోమవారం నుంచి మళ్లీ బడికి వెళ్లాను. నాయనమ్మే బిందె దగ్గర నిలబడి, "ఇంకొంచెం తాగవే, వాళ్ల నోము చెడుద్ది" అని చెంబు నోటికి అందించింది.

పెద్దమ్మ ఒక్క మా ఇంటికే రాలేదు. ఆ బడికి ఆడపిల్లలను పంపే ప్రతి ఇంటికీ, ఏ కులం వాకిలని చూడకుండా, వెళ్లి బొట్టు పెట్టి వచ్చింది. హెడ్మాస్టారికి తాంబూలం పంపి, గంట కొట్టగానే పిల్లలను వదలమని కబురు చేసింది. ఆయనా కాదనలేదు. అప్పటినుంచి గంట కొట్టడం పాపం, మేమంతా బిలబిలమంటూ ఆ దొడ్లోకి దూరేవాళ్లం. కరివేపాకు, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, పక్కనే కుండలో నీళ్లు. నాపరాళ్ల గది ముందు వరస. కబుర్లు, నవ్వులు. మధ్యాహ్నం క్లాసుల్లో తలనొప్పులు లేవు, కునికిపాట్లు లేవు. పాఠం చెవికెక్కుతోందంటే మాస్టారి గొప్ప అనుకున్నాం గానీ, కడుపులో పడ్డ మజ్జిగ గొప్ప అని తెలియలేదు.

అరుగు మీద పెద్దాయన మొదట్లో ఈ సందడికి మండిపడ్డాడు. "ఏందే ఈ సంత? కొంపా, సత్రమా?" అని లోపలికి కేకేశాడు. "నోము" అంది పెద్దమ్మ, మజ్జిగ పోస్తూనే. ఊళ్లో ఎవరి మాటా లెక్క చేయని మనిషి ఆ ఒక్క మాటకు నోరు మూసుకున్నాడు. కొన్నాళ్లకు వరసలో నిలబడ్డ మమ్మల్ని చూసి గొణుక్కుంటూ వెళ్లాడు. మర్నాడు రాళ్లు దించి, ఆ గది పక్కన రెండో గది కట్టించడం మొదలుపెట్టాడు. ఎవరైనా అడిగితే నోమాయె, ఆడపిల్లల్ని ఎండలో నిలబెడితే మనకే దోషం అన్నాడట.

నోమన్నాక కథ ఉంటుంది. చేతిలో అక్షింతలు పట్టుకుని వింటారు. పరీక్షలకు ముందు ఆఖరి రోజున, మిగతా పిల్లలు బడికి పరుగెత్తాక, ఈ నోముకు కథేమిటి పెద్దమ్మా అని అడిగాను. ఆమె గ్లాసులు కడగడం ఆపి నావైపు చూసింది. ఏదో కల్పించి చెబుతుందనుకున్నాను. చెప్పలేదు.

"నేనూ నీళ్లు తాగకుండా చదివినదాన్నేనే. నీలాగే పడిపోయా. నన్ను మానిపించారు. అంతే కథ" అంది. "నాకు లెక్కలు బాగా వచ్చేయి" అని మళ్లీ తనే అంది. ఆమె గుమ్మంలో నిలబడి ఇన్నేళ్లూ మమ్మల్ని ఎందుకు చూసేదో అప్పుడు అర్థమైంది. ఆమె చేతిలో గ్లాసు తీసుకుని కడిగాను. గంట కొడితే, "పోవే, లేటవుద్ది" అని తరిమింది.

పరీక్షలు రాశాను. పాసయ్యాను. తర్వాత టీచరు ట్రైనింగు చేసి ముప్పై ఏళ్లకు పైగా పల్నాటి బళ్లలో లెక్కలు చెప్పాను. ఏ బడిలో చేరినా మొదటి రోజు స్టాఫ్ రూముకు కాకుండా ఆడపిల్లల మరుగుదొడ్ల వైపు వెళ్లేదాన్ని. నీళ్లు రాకపోతే, తలుపుకు గడియ లేకపోతే, అది బాగయ్యేదాకా హెడ్మాస్టర్ల ప్రాణం తీసేదాన్ని. నన్ను గయ్యాళి టీచరన్నారు. అనుకోనీ అనుకున్నాను. నా క్లాసులో మంచినీళ్లకు లేచినవాళ్లను నేనెప్పుడూ కూర్చోమనలేదు. పెద్దమ్మ మాత్రం ఆ నోముకు ఉద్యాపన చేయనేలేదు. బడిలో మరుగుదొడ్లు కట్టాక కూడా మజ్జిగ పోస్తూనే ఉండేదట.

ఇప్పుడు మా అమ్మాయి కూతురు నరసరావుపేటలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. పొద్దున్నుంచి రాత్రి దాకా క్లాసులు, స్టడీ అవర్లు. అక్కడ మరుగుదొడ్లున్నాయి, ఫిల్టరు నీళ్లున్నాయి. లేవడానికే భయం. లేస్తే మార్కుల మీద శ్రద్ధ లేదంటారట, తోటివాళ్లు ముందుకెళ్లిపోతారట. బాటిల్ నింపింది నింపినట్టే రూముకు వస్తోందని తనే చెప్పింది. తలనొప్పి అని కూడా చెప్పింది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. ఫోనులోనే ఈ కథంతా చెప్పాను. మంట గురించి కూడా దాచకుండా చెప్పాను. "సరేలే అమ్మమ్మా" అని ఫోన్ పెట్టేసింది, విసుక్కుందేమో అనుకున్నాను.

నిన్న తనే ఫోన్ చేసింది. "అమ్మమ్మా, ఇవాళ స్టడీ అవర్‌లో లేచి నిలబడ్డా. సార్, నీళ్లు తాగి బాత్రూమ్‌కి పోయొస్తా అన్నా. గట్టిగానే అన్నా" అంది. సార్ ఏమన్నాడే అని అడిగాను.

"ఏమంటాడు, పొమ్మన్నాడు. నేను తలుపు దాకా పోయి ఎనక్కి చూస్తే, మా బెంచీ మొత్తం లేచి నిలబడి ఉంది అమ్మమ్మా."