చావాల్సిన బూజును బతికించాను

నా జీవితంలో ఒకే ఒక్కసారి ఒక ప్రాణం నిలబెట్టాను. దాంతో మా సారు మూడేళ్ళ కష్టం, నా సీటు రెండూ గంగలో కలిసేంత పనైంది. ఆ ప్రాణం ఎవరిదో కాదు, బూజుది. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. ఆ రోజుల్లో నాకు మాత్రం ముద్ద దిగలేదు.

తొంభైల ఆఖరు. అనంతపురంలో ఎమ్మెస్సీ అయ్యాక అక్కడే ఒక సారు దగ్గర పరిశోధనకు చేరాను. "పని చెడగొడితే బెళుగుప్ప బస్సు ఎక్కిస్తా" అన్నది చేరిన రోజే ఆయనిచ్చిన ఆశీర్వాదం. బెళుగుప్పలో మా నాయన శెనక్కాయ చేను వానకోసం నోరు తెరుచుకుని ఉండేది. అక్కడికి తిరిగి వెళ్ళడమంటే నాకు చచ్చేంత భయం.

కాలిన చెత్త మీద వాన పడితే నారింజ రంగు బూజు లేస్తుంది చూడండి, సారు పనంతా దాని మీదే. మూరెడు గాజుగొట్టంలో మేత పోసి పడుకోబెట్టి, ఒక కొసన బూజు అంటిస్తాం. అది పాకుతూ పోతుంది. రోజూ ఎంతవరకు వచ్చిందో గొట్టం మీద గీత గీయాలి. రెండు రకాల బూజు నాకు అప్పజెప్పి సారు బెంగళూరు బయలుదేరారు.

"దినామూ గీత గీయి. నిండితే కొత్త గొట్టంలోకి మార్చు. ఇంకేమీ చేయొద్దు."

"ఈ రెండిట్లో తేడా ఏంది సార్?"

"వచ్చినాక చెప్తా."

వారం తిరిగేసరికి మొదటి రకం నీరసపడింది. గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పదో రోజు పూర్తిగా ఆగిపోయింది. చేతులు సరిగ్గా కడుక్కోలేదా? ఎండ తగిలిందా? నా దిష్టే తగిలిందా? గొట్టం పట్టుకెళ్ళి అటెండర్ ఓబులేసన్నకు చూపించాను.

"ఇది పోయినట్టుండాదే అప్పా."

"సారుకు చెప్పొద్దన్నా."

"నేను చెప్పనులే. ఆయనకు కండ్లు లేవా?"

"మరేం చేసేదన్నా?"

"మొలక రాకుంటే మీ నాయన ఏం చేస్తాడు?"

"మళ్ళా విత్తుతాడు."

"అంతే గదప్పా" అని ఓబులేసన్న టీకి పోయాడు.

మా జిల్లాలో పుట్టినవాడికి ఎండిన చేను కనబడితే చేతులు ఊరుకోవు. ఆ గొట్టం ఉడకబెట్టి, కడిగి, కొత్త మేత పోసి, రెండో రకం బూజు తెచ్చి అందులో విత్తేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళను చూసుంటారు. నేను ఆకులు కూడా కాల్చుకున్నాను. పాత గీతల బదులు కొత్త గీతలు గీసి, రోజువారీ లెక్క రాసే పుస్తకంలో కూడా దిద్దేశాను.

సారు వచ్చారు. సంచి దించకుండానే గొట్టం చూశారు. ముఖం వాడిపోయింది.

"ఇది ఆగలేదా?"

"యాడ ఆగుతాది సార్. గుర్రం మాదిరి పోతాండాది."

ఆయన స్టూలు మీద కూలబడి, వచ్చాక చెప్తానన్న ముక్క అప్పుడు చెప్పారు. బూజు కణాల్లో శక్తి పుట్టించే మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలుంటాయి. ఈ రకం పొయ్యిల్లో ప్లాస్మిడ్ అనే ఒక పరాయి జన్యుదారం, చుట్టుకోకుండా నిలువుగా ఉండేది, చేరిందని ఆయన అనుమానం; రెండో రకంలో అది లేదు. అది పొయ్యి సొంత జన్యుదారంలోకి దూరితే పొయ్యి ఆరిపోతుంది, బూజు ముసలిదై చచ్చిపోతుంది. ఆ చావు కోసమే ఆయన మూడేళ్ళుగా కాచుకున్నారు. చచ్చిన కొస దొరికితే దారం దూరిందో లేదో చూసుకోవచ్చు.

"మూడేండ్లు తప్పుదోవలో పోయినానేమోనప్పా" అన్నారు.  ఆయన తిట్లకంటే ఆ మాటకే నాకు ఎక్కువ భయమేసింది.

"సార్, ఆగింది సార్."

"ఏది?"

"ఇదే. చచ్చిపోయింటే నేనే రెండో రకం తెచ్చి మళ్ళా విత్తినా."

"చచ్చింది యాడుండాది?"

"ఉడకబెట్టి కడిగేసినా సార్."

సారు లేచి బీరువా వైపు నడిచారు. నాకు బెళుగుప్ప బస్సు హారన్ వినబడసాగింది.

"ఆ చచ్చినదాని విత్తనం ఎండబెట్టి బీరువాలో దాచినా. మళ్ళా మొదలుపెట్టు. ఈ తూరి అది చచ్చేదాకా పక్కనే కూర్చో. చేతులు జేబుల్లో పెట్టుకో."

చస్తుందేమోనని వణికినవాణ్ణి, ఇప్పుడు బతికిపోతుందేమోనని వణికాను. రోజూ దాని చావు కోసం దండం పెట్టుకున్నాను. రెండు వారాలకు దేవుడు కరుణించాడు. "సార్, చచ్చిపోయింది సార్" అని వరండా అదిరేలా అరిచాను. సారు వీపు తట్టి, ఓబులేసన్నతో మైసూరుపాకు తెప్పించారు.

సరిగ్గా అప్పుడే చంకలో సంచితో మా నాయన వచ్చాడు. వాన లేక చేను ఎండిపోయిందని చెప్పడానికి వచ్చాడట. నేను ఆ సంగతి అడగకుండానే ఆయన చేతిలో మైసూరుపాకు పెట్టాను.

"ఏం పండగప్పా?"

"మా బూజు ఎండిపోయింది నాయనా."

నాయన ఒకసారి గొట్టాన్ని, ఒకసారి నన్ను చూశాడు.

"ఎండిపోతే మిఠాయి పంచేదే నీ సదువయితే, దానికి అనంతపురం దాకా యాల? మన చేనికాడికి వచ్చింటే ఏటేటా చూపిస్తాంటి గదా."

సారు పడీపడీ నవ్వారు. నాయన నవ్వలేదు. మైసూరుపాకు మాత్రం తిన్నాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

అందుకే నారింజ బూజు సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఎవరి గొట్టంలో ఏది చస్తున్నా, ఇది చావాల్సిందేనా అని ముందు అడగకుండా విత్తనం ముట్టను. ఇక మిఠాయి పంచేముందు చేను ఎలా ఉందని నాయనను అడుగుతాను.