మూలమట్టం వెనక ఆరో పేరు

లాడ్జిలో పని అని చెబితే దూరపు చుట్టాలు మొదట అడిగేది గది ఖాళీగా ఉందా అని. అది ఆ లాడ్జి కాదని, ఫ్రీమేసన్లనే పాత సంఘం వాళ్ల లాడ్జి అని, నెలకు రెండుసార్లు నల్లకోట్ల మగవాళ్లు వచ్చి తలుపులు బిగించుకుంటారని ఆమె వివరించేది. అప్పుడు రెండో ప్రశ్న వచ్చేది, లోపల ఏం చేస్తారని. "నాకు తెలిసింది వాళ్ల వెండి ఒక్కటే. మనుషుల సంగతి తెలీదు," అనేది.

ఆ వెండికి మెరుగు పెట్టడం ఆమె పని. అందుకే లాడ్జిలో అందరికీ మెరుగమ్మ. ముప్పై తొమ్మిదేళ్లుగా అదే పిలుపు. కూతురి బడి కాగితాల్లో తప్ప అసలు పేరు ఎక్కడా కనబడదు.

భవనం రెండంతస్తులది. కింద కుర్చీలూ మంచాలూ అమ్మే దుకాణం, పైన లాడ్జి. సభ్యులు ముందు మెట్ల మీదుగా వెళతారు. మెరుగమ్మ వెనకవైపు ఇనప మెట్లెక్కి, సభామందిరాన్ని ఆనుకుని ఉన్న చిన్న గదిలోకి వెళుతుంది. అందులో ఒక బల్ల, ఒక స్టూలు, ఒక కుళాయి, పెరటివైపు కిటికీ. ఆడవాళ్లకు మందిరంలో ప్రవేశం లేదు. పైకప్పు కారిన ఏడాది మాత్రం బకెట్టు పట్టుకుని ఒకసారి లోపలికి వెళ్లింది. నలుపు తెలుపు గళ్ల నేల, మూడు పెద్ద కుర్చీలు కనబడ్డాయి. "మూలలు తుడవరు," అన్నది ఆ మందిరం గురించి ఆమె చెప్పిన ఒకే ఒక్క మాట.

సభకు ముందురోజు సామాను ఆమె బల్ల మీదకు వస్తుంది. గొర్రెపిల్ల తోలుతో చేసిన తెల్లటి ఏప్రాన్లు, వాటికి నీలం పట్టు అంచు. వీటిని తడపకూడదు, పొడి సుద్ద రుద్ది దులపాలి. జరీ పని చేసిన మెడపట్టీలు, వీటికి మెత్తటి బ్రష్షు తప్ప ఏదీ తగలకూడదు. ఒక్కో మెడపట్టీకి ఛాతీ మీద వేలాడే వెండి పతకం ఉంటుంది. దాన్నిబట్టే మనిషి హోదా. కార్యదర్శికి అడ్డంగా పెట్టిన రెండు కలాలు, కోశాధికారికి తాళంచెవి, తలుపు బయట కాపలా కాసేవాడికి కత్తి. అధ్యక్షుడిది మూలమట్టం, గోడ మూల సరిగ్గా వచ్చిందో లేదో మేస్త్రీ చూసుకునే ఎల్ ఆకారపు పనిముట్టు. మేసన్ అంటే మేస్త్రీయే, పూర్వం రాతిపని చేసే మేస్త్రీల గుర్తులివన్నీ. బస్సు నడిపే ఆమె భర్తకు ఇది వినోదంగా ఉండేది. "మేస్త్రీలంటారు, ఒక్కడి చేతికీ సిమెంటు అంటదేం?" అనేవాడు. అత్తగారిది ఇంకో సందేహం. వాళ్లంతా ఒకరినొకరు సోదరా అని పిలుచుకుంటారని విని, "అంతమంది అన్నదమ్ములున్నచోట ఒక్క వదినైనా లేదా?" అని అడిగింది.

ఈ పని మామగారిది. కొడుక్కి పట్టుబడలేదు, ఓపిక లేని చెయ్యి. కోడలు కాపురానికి వచ్చిన మూడో నెలలో ఇంట్లో ఇత్తడి చెంబు తోమడం చూసి, మర్నాడు ఆయన ఆమెను వెంటబెట్టుకెళ్లాడు. మెత్తటి సుద్దపొడి, రెండు చుక్కల స్పిరిటు, ఉతికి ఉతికి పలచబడ్డ నూలు బట్ట. ఇంతే సరంజామా. మూలమట్టాన్ని మాత్రం ఆయన ఆఖర్న తీసేవాడు. అది అరచేతికంటే కాస్త పెద్దది. లాడ్జి పెట్టిన తొలి ఏడాది చేయించారు. ఏడాదికొక అధ్యక్షుడు. పదవి దిగిపోయేటప్పుడు అతని పేరు, సంవత్సరం దాని వెనక చెక్కించడం అప్పటి పద్ధతి. ఎల్ ఆకారానికున్న రెండు చేతుల్లో మొదటిదాని మీద కొస నుంచి మూల దాకా ఆరు, రెండో చేతి మీద ఆరు. పన్నెండో ఏటికి చోటు అయిపోయింది. ఆ తర్వాత పద్ధతీ మానేశారు.

వెనకవైపు ఎవరు చూస్తారు మామయ్యా, ఎందుకంత రుద్దడం అని ఆమె మొదట్లోనే అడిగింది.

"తెల్లచొక్కాకి రాసుకునేది వెనకవైపేనమ్మా. నల్లమచ్చ పడితే చాకలిని తిట్టరు, మనల్ని తిడతారు," అన్నాడాయన.

ఎంతసేపు రుద్దాలో చెప్పడానికి ఆయన గడియారం వాడలేదు. పేరు మీద బట్ట పెట్టి, ఆ పేరు మనసులో పదిసార్లు చదువుకుంటూ పదిసార్లు రుద్దాలి. తర్వాత కింది పేరు. అలా పన్నెండు. ఏడో తరగతి దాకా చదివిన మెరుగమ్మకు ఇది కష్టమనిపించలేదు. రెండో పేరు పొడుగైనది, దాన్ని చదివేసరికి చెయ్యి నొప్పెట్టేది. నాలుగు, అయిదు ఒకే ఇంటిపేరు వాళ్లు. తొమ్మిదోది చివరి అక్షరానికి తోక ఉన్నది. ఆరో చోట మాత్రం ఆమె వచ్చేనాటికే ఏమీ లేదు. రెండు చేతులూ కలిసే మూల అది, రుద్దేటప్పుడు బొటనవేలు నొక్కిపట్టే చోటు.

"అక్కడొకాయన ఉండేవాడు. నా చేతిలోనే పోయాడు," అన్నాడు మామగారు. పేరేమిటంటే గుర్తు లేదన్నాడు. తను పని నేర్చుకున్న కొత్తలో ఇంకా పేర్ల పాఠం పట్టుబడలేదట. పట్టుబడేసరికి అక్షరాలు లేవు. కోడలు ఆ చోట "లేనాయన" అని పదిసార్లు అనుకుని ముందుకు పోయేది.

నెలకు రెండు సభలు. ముప్పై తొమ్మిదేళ్లు. లాడ్జికి నూరేళ్లు దగ్గరపడ్డాయి.

కార్యదర్శి డెబ్భై ఆరేళ్ల మనిషి, సర్వే శాఖలో చేసి రిటైరయ్యాడు. లాడ్జి చరిత్ర రాసే పని నెత్తినేసుకున్నాడు. నూరేళ్ల పత్రం ఇవ్వడానికి, లాడ్జిలన్నిటి మీదా అజమాయిషీ చేసే పెద్ద లాడ్జికి ఒక నియమం ఉంది. మొదటి ఏడాది నుంచి లాడ్జి తెగకుండా నడిచిందని చూపాలి, ప్రతి ఏటికీ అధ్యక్షుడి పేరు కావాలి. పదమూడో ఏటి నుంచి సభల పుస్తకాలున్నాయి. అంతకు ముందువి పాత అద్దె ఇంటి నుంచి మారేటప్పుడు వానకు తడిసి ముద్దయ్యాయని అందరికీ తెలుసు. అయినా కార్యదర్శి దిగులుపడలేదు, మూలమట్టం ఉంది కదా అనుకున్నాడు. ఒక ఉదయం వెనక గదిలోకి వచ్చి దాన్ని తిప్పి చూశాడు.

అది అద్దంలా ఉంది. అతని ముఖమే కనబడింది.

"పేర్లేవి?" అన్నాడు.

మెరుగమ్మ లేచి నిలబడింది. "నెమ్మదిగా పోయాయండి," అంది.

"పోవడమేమిటి? నువ్వు తుడిచేశావు. నూరేళ్ల చరిత్రని సుద్దపొడి పెట్టి తుడిచేశావు."

"మచ్చ ఉండకూడదన్నారు గదండీ." చేతిలో బట్ట బల్ల మీద పెట్టి అంది, "పేర్లు నాకొచ్చు."

కార్యదర్శి నమ్మలేదు. ఆ ఏటి అధ్యక్షుడు పళ్ల డాక్టరు. తన క్లినిక్కు నుంచి నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం, సన్నటి లైటు తెచ్చాడు. పక్కవాటుగా వెలుగు వేసి అరగంట చూస్తే మూడు పేర్లు నీడలా కనిపించాయి. ఒకటోది, తొమ్మిదోది, పన్నెండోది. వాటిని కాగితం మీద రాసుకుని, కాగితం జేబులో పెట్టుకుని, మెరుగమ్మను చెప్పమన్నాడు. ఆమె కిటికీవైపు తిరిగి కుడిచెయ్యి గాల్లో రుద్దుతున్నట్టు ఆడిస్తూ చెప్పుకుపోయింది. పేరు, సంవత్సరం. పేరు, సంవత్సరం. చెయ్యి ఆడించకపోతే రావని తర్వాత చెప్పింది. మూడూ అక్షరం తప్పకుండా సరిపోయాయి. తొమ్మిదోదాని చివరి తోకతో సహా.

డాక్టరు కాగితం తీసి కార్యదర్శికి చూపించాడు. "చూశారా, పన్ను ఊడినా వేరు మిగిలింది," అన్నాడు. కార్యదర్శి నవ్వలేదు. పదకొండే విన్నాడతను.

"ఆరోది?"

"నేను వచ్చేటప్పటికే లేదండి."

ఆ సాయంత్రం అతను ఒంటరిగా మళ్లీ వచ్చాడు. స్టూలు మీద కూర్చుని విషయం వివరించాడు. పేర్లు రుద్దినామె చెప్పిన మాట రాతపూర్వకంగా ఇస్తే పెద్ద లాడ్జి ఒప్పుకుంటుంది. మూడు పేర్లు లైటులో రుజువయ్యాయి కాబట్టి మిగతావి అడగరు. ఆరోది లేకపోతే మాత్రం లెక్క తెగుతుంది, నూరేళ్లు నిలవవు. అప్పుడు కమిటీ కూర్చుని పేర్లు ఎవరు తుడిచారని అడుగుతుంది. వెండి సామాను బజార్లో దుకాణానికి ఇచ్చేద్దామని ఇద్దరు ముగ్గురు ఎప్పటినుంచో అంటున్నారు.

"బెదిరించడం లేదు, ఉన్నది చెబుతున్నాను," అని జేబులోంచి ఒక ఫోటో తీశాడు. "మా తాతగారు. ఆ రోజుల్లో అధ్యక్షులుగా చేశారని మా ఇంట్లో అనుకునేవారు. ఆరోది ఆయన పేరేమో, నీకు గుర్తొస్తుందేమో చూడు."

గళ్ల నేల మీద మీసాల మనిషి. ఏప్రాన్, మెడపట్టీ. మెరుగమ్మ ఫోటోను కిటికీ దగ్గరకు తీసుకెళ్లింది. ముఖం చూడలేదు, ఛాతీ చూసింది.

"తాళంచెవండి ఇది. కోశాధికారి పతకం. కొన పక్కన ఈ సొట్ట ఇప్పటికీ ఉంది, తెచ్చి చూపించమంటారా?"

"ఆ తర్వాత అధ్యక్షులై ఉండచ్చుగా."

"ఉండచ్చండి. నాకు తెలీదు."

"తెలీదని రాయనక్కర్లేదు. ఒక్క పేరు చెబితే చాలు. ఎవరికీ నష్టం లేదు."

ఆమె రేపు చెబుతానంది.

కూతురు కళ్లజోళ్ల షాపులో పని చేస్తుంది, లెక్క సూటిగా చూసే పిల్ల. అన్నాలయ్యాక సంగతంతా విని, "చెప్పేయొచ్చుగా అమ్మా. చచ్చినాయన లేచొచ్చి నేను కాదంటాడా?" అంది.

"ఆయన రాడు. ఆయన కుర్చీలో ఈయన తాత కూర్చుంటాడు."

"కూర్చోనీ. నీకేం పోయింది? చెప్పకపోతే పోయేది నీ పనేగా."

"పోతుంది," అంది మెరుగమ్మ.

"మానేస్తే ఏం చేస్తావు పగలంతా?"

"నీ కళ్లజోళ్లు తుడుస్తా."

"మా అద్దాలు కూడా అరిగిపోతాయి, వద్దులే." కూతురు పళ్లెం తీసుకుని లేచింది. తర్వాత వంటింట్లోంచే అడిగింది, "నిజంగా ఒక్క అక్షరం కూడా గుర్తు లేదా?"

"చూడనిదానికి గుర్తేంటే? మీ తాతే గుర్తుపెట్టుకోలేదు. ఆయన కూడా ఏదో ఒక పేరు చెప్పి నాకు అంటగట్టి ఉండచ్చు. లేదన్నాడు."

మర్నాడు డాక్టరు, కార్యదర్శి ఇద్దరూ ఉండగా వాంగ్మూలం రాయించారు. డాక్టరు రాశాడు, ఆమె చెప్పింది. అయిదో పేరయ్యాక ఆగింది. డాక్టరు కలం పట్టుకుని చూశాడు. కార్యదర్శి కిటికీలోంచి పెరట్లోకి చూస్తున్నాడు.

"ఆరో చోట పేరుండేది. నేను పనిలో చేరకముందే అరిగిపోయింది. మా మామగారి చేతిలో పోయిందని ఆయనే చెప్పారు. మిగతావి నా చేతిలో పోయాయి. అలాగే రాయండి," అంది.

"చివరి ముక్క అవసరం లేదేమోనండీ," అన్నాడు డాక్టరు.

"ఉండనివ్వండి. లేకపోతే అన్నీ ఆయన మీద పడతాయి."

కింద సంతకం పెట్టింది. అసలు పేరు. కార్యదర్శి దాన్ని రెండుసార్లు చదివాడు, అతనికి ఆ పేరు తెలియదు.

పెద్ద లాడ్జి నుంచి జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా కమిటీ రెండుసార్లు కూర్చుంది. వెండి దుకాణం వాడు వచ్చి సామాను చూసి, యంత్రం మీద పెడితే అరగంటలో అయిపోతుందన్నాడు. మెరుగమ్మ తన మెరుగు పెట్టే బట్టలు ఉతికి ఆరేసి మడతపెట్టి బల్ల సొరుగులో పెట్టింది, అప్పగించడానికి వీలుగా. కార్యదర్శి వెనక గదివైపు రావడం మానేశాడు. సామాను తెచ్చిచ్చే పని కాపలా ఆయనకు పురమాయించాడు.

ఉత్తరం పొట్టిగా ఉంది. ఆరో ఏటికి ఆధారం లేదు కనుక తెగకుండా నడిచిన కాలాన్ని ఏడో ఏటి నుంచి లెక్కిస్తామని, నూరేళ్ల పత్రం ఆరేళ్ల తర్వాత ఇస్తామని రాశారు. వాంగ్మూలం సంగతి ఒక వాక్యంలో ఉంది. తెలియనిది తెలియదని చెప్పిన సాక్షి కనుక మిగతా పదకొండు పేర్లనూ ప్రశ్న లేకుండా స్వీకరిస్తున్నామని. డాక్టరు ఆ వాక్యాన్ని కమిటీలో చదివి, సామాను దుకాణానికి ఇచ్చే విషయం మీద ఇంకేమైనా చర్చ ఉందా అని అడిగాడు. సామాను మెరుగమ్మ దగ్గరే ఉండనిద్దామన్నారు. మూలమట్టం వెనకవైపు ఇకమీదట పొడిబట్టతో తుడవడం తప్ప రుద్దరాదని మాత్రం తీర్మానం చేశారు. ఆ తీర్మానాన్ని సభల పుస్తకంలో కార్యదర్శే తన చేత్తో రాశాడు.

ఆ తర్వాతి సభకు ముందురోజు అతను కాపలా ఆయన్ను పంపకుండా తనే పెట్టె మోసుకుని వెనక గదిలోకి వచ్చాడు. బల్ల మీద పెట్టి స్టూలు లాక్కున్నాడు. మెరుగమ్మ నిలబడే పని మొదలుపెట్టింది.

"ఆరేళ్లు. అప్పటికి నాకు ఎనభై రెండు," అన్నాడు.

"నాకు అరవై ఏడండి."

"నిన్నెవరడిగారు?"

ఆమె కత్తి పతకం తుడిచి పక్కన పెట్టింది. తాళంచెవి తీసింది. అతను దాని సొట్టవైపు చూశాడు. తర్వాత జేబులోంచి రుమాలు మూట తీసి విప్పాడు. ఒకప్పుడు అధ్యక్షుడిగా చేసి దిగినప్పుడు లాడ్జి అతనికిచ్చిన సొంత పతకం. ఇన్నేళ్లూ ఇంట్లో బీరువాలో ఉండి నల్లబడింది.

మెరుగమ్మ దాన్ని తిప్పింది. వెనక నున్నగా ఉంది.

"పేరు చెక్కించలేదేమండీ?"

"చెక్కించాలనే చూస్తున్నా. చెక్కిస్తే నువ్వు ఉంచుతావా?"

ఆమె చిటికెడు సుద్దపొడి బట్ట మీద వేసుకుంది.

"లోతుగా చెక్కమనండి," అంది.