పచ్చబొట్టు దిద్దించడానికి పేట ప్రయాణం

ఆరు గంటల బస్సు ఆరుంపావుకు వస్తుందని కంచికచర్లలో అందరూ చెబుతారు. ఆ రోజు ఏడు దాటాక వచ్చింది. కొత్త పైసలు వచ్చిన రెండో ఏడు, వేసవి సెలవులు. ఒకటో తరగతి పంతుల్ని, బడి లేని రోజున హాయిగా ఇంట్లో పడుకోవాల్సినవాణ్ణి. మా ఆవిడ పచ్చబొట్టు దిద్దించడం కోసం ఆమెను వెంటబెట్టుకుని రోడ్డు పక్కన దుమ్ములో నిలబడ్డాను.

సంగతేమిటంటే, మా ఆవిడ కిందటి నెల జగ్గయ్యపేటలో పుట్టింటికి వెళ్ళి కుడి ముంజేతి మీద నా పేరు పొడిపించుకుంది. భర్త పేరు నోటితో అనకూడదు గదా. అందుకని పొడిచే ఆమెతో ‘ఏడుకొండలవాడి పేరు’ అని చెప్పింది. నా పేరు శ్రీనివాసరావు. పొడిచే ఆమె వెంకటేశ్వర్లు అని పొడిచి పెట్టింది. దేవుడు ఒక్కడే, కాదనను. కానీ వెంకటేశ్వర్లు మా అన్నయ్య పేరు.

మా ఆవిడకు చదువు రాదు. వాపు తగ్గాక మురిసిపోతూ ఇంటికి వచ్చింది. వచ్చిన గంటకే అన్నయ్య కూతురు కూడబలుక్కుని చదివి, “పిన్నీ, నీ చేతి మీద మా నాన్న పేరుందేంటి?” అని నడింట్లో అడిగింది. ఆ పిల్లకు అక్షరాలు నేర్పింది నేనే.

ఆ పూట నుంచి వదిన మాటలు మానేసింది. అన్నయ్య భోజనం పశువుల కొట్టంలోకి మారింది. ఆ చేత్తో వడ్డిస్తే తిననని అమ్మ కంచం తోసేసింది. నాలుగో రోజు తేల్చి చెప్పింది: “సరిచేయించి తీసుకురా. కుదరకపోతే పేటలో వాళ్ళ పుట్టింట దింపిరా.” అందుకని మా ఆవిడ సంచిలో నాలుగు చీరలు కూడా పెట్టుకుంది. ఆ సంచి చూసినప్పుడల్లా ఎవరి మీదో తెలియకుండానే నాకు ఒళ్ళు మండిపోయింది.

బస్సులో కూర్చోవడానికి చోటు దొరికింది, కాళ్ళు పెట్టుకోవడానికి దొరకలేదు. కింద ఎవరివో మిరపకాయల బస్తాలు. కీసర వంతెన దాటేదాకా తుమ్ముతూనే ఉన్నాను. పక్క సీటులో ఒక ముసలమ్మ మోచేతుల దాకా పచ్చబొట్లతో కూర్చుని ఉంది. మా ఆవిడ కొంగు చేతికి చుట్టుకుని ఉండడం చూసి, “కొత్తగా పొడిపించావేంటమ్మాయ్, చూపియ్యి,” అంది. మా ఆవిడ చూపించలేదు. ముసలమ్మేం నొచ్చుకోలేదు, తన చేతులు చాపింది.

“ఇది తులసికోట. ఐదోతనం నిలబడాలని మా అత్త పొడిపిచ్చింది. ఇదిగో తేలు. ఇదుంటే తేలు కుట్టినా విషం ఎక్కదంట. జంట నాగులు పిల్లల కోసం. మోచెయ్యి మీద చుక్కలు మటుకు నొప్పులకి.”

“ఫలితం కనిపించిందా?” అన్నాను.

“ఆయన పోయి పదేళ్ళయింది. తేలు రెండుసార్లు కుట్టింది. పిల్లలు మాత్రం ఏడుగురు,” అంది, చేతులు వెనక్కి తీసుకుంటూ.

ఎనిమిదింపావుకు నందిగామలో దిగాం. బస్సులు ఆగేచోట ఉన్న హోటల్లో ఇడ్లీ తినవచ్చు, చట్నీ జోలికి పోకండి. పచ్చబొట్లు పొడిచేవాళ్ళు సంతల వెంట తిరుగుతారని విని, గాజుల కొట్టులో వాకబు చేశాను. కొట్టాయన, “మొన్న ఇక్కడే ఉందండి. పేట పోయుంటది,” అని ఊరుకోకుండా, “ఏం పేరు పొడిపిద్దామనండి?” అని మా ఆవిడనే అడిగాడు. ఆమె నా పేరు అనలేదు, బావగారి పేరు అసలే అనలేదు. రెండు పేర్లూ నేనే చెప్పి, కథంతా మొదటి నుంచి వినిపించాల్సి వచ్చింది. కొట్టులో గాజులు తొడిగించుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు చేతులు అలాగే పెట్టి విన్నారు. ఆ రోజు ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ విన్నవాళ్ళు మా ఆవిడను వదిలేసి నన్ను ఎగాదిగా చూశారు.

పేట చేరేసరికి పదకొండు. ఊరి చివర డేరాల దగ్గర ఒక ముసలాయన తాడు పేనుతున్నాడు. “మా కోడలా? వత్సవాయి పోయిందయ్యా, గంటయితాంది,” అన్నాడు. ఎప్పుడొస్తుందంటే, “పనైనాక వస్తది,” అన్నాడు. ఇంతకంటే సమాచారం ఆయన దగ్గర లేదు.

మా అత్తవారిల్లు అక్కడికి రెండు వీధుల అవతలే. కాసేపు నీడపట్టున కూర్చుని, భోంచేసి వెళ్దామన్నాను. మా ఆవిడ కదల్లేదు. “ఇప్పుడెళ్తే మా అమ్మ సంచి చూస్తదండి,” అంది. దాంతో హోటల్లో భోంచేశాం. పప్పు బాగుంది, అన్నం చల్లారిపోయింది. ఆమె రెండు ముద్దలు తిని లేచింది.

ఒంటిగంటకు వత్సవాయి బస్సు. బయల్దేరిన అరగంటకు టైరు పంక్చరు. డ్రైవరు చొక్కా విప్పి మడతపెట్టి, బీడీ కాల్చి, అప్పుడు చక్రం వైపు చూశాడు. ఎండలో నిలబడి మా ఆవిడను నానా మాటలూ అన్నాను. నోరు తెరిచి ఒక్క పేరు చెప్పడానికి ఏం పోయేదన్నాను. శ్రీనివాసరావు అంటే నాలుక ఊడిపడుతుందా అన్నాను. ఆమె సంచి తల మీద ఎండకు అడ్డం పెట్టుకుని, “మీ అమ్మగారు ఒక్కసారైనా మామయ్యగారి పేరు అన్నారా?” అని మాత్రం అడిగింది.

రెండున్నరకు వత్సవాయి. రావిచెట్టు కింద బల్ల మీద కూర్చున్న టీ కొట్టాయన మమ్మల్ని చూసి జాలిపడ్డాడు. “ఇందాకే ఎడ్లబండెక్కి పేట పోయిందండి. మీ బస్సాగిన కాడే మీకు ఎదురు పడుండాల.” నిజమే, పంక్చరు వేస్తుండగా ఒక బండి పక్కనుంచే పోయింది. అందులోంచి ఎవరో ఆడమనిషి మా అవస్థ చూసి నవ్వింది కూడా. మేం వెతుకుతున్నది ఆమెనే. అదే బస్సులో వెనక్కి బయల్దేరాం.

నాలుగున్నరకు డేరా ముందు దొరికింది. నలభై ఏళ్ళుంటాయి. మా ఆవిడను చూడగానే గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని, “బాగా మానింది,” అంది తృప్తిగా. నాకున్న కోపమంతా ఆమె మీద కుమ్మరించాను. అంతా విని, “ఏడుకొండలవాడి పేరన్నది. ఏడుకొండలవాడికి నా కాడున్నది ఇదొక్కటే. నాకు అచ్చరాలు రావయ్యా. మా అమ్మ నేర్పినట్టు ముగ్గేసినట్టు ఏస్తా,” అంది.

“సరే, ఇది కొట్టేసి పక్కన రాయి.”

“పలకనుకున్నావా తుడవడానికి? తోలయ్యా ఇది.”

కప్పెయ్యడానికి ఏమేం ఉన్నాయో చెప్పింది. తులసికోట పెడితే పేరు మునిగిపోతుంది, కానీ చెయ్యంతా మసిముద్ద అవుతుంది. తేలు అయితే సరిపోతుందట. మా ఆవిడ వెంటనే, “తేలొద్దు. అత్తయ్య తన మీదే పొడిపించాననుకుంటారు,” అంది. పొద్దుటి నుంచి మొదటిసారి నాకు నవ్వొచ్చింది, ఆమెకు రాలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వేలితో ఆ పేరు చుట్టూ గీతలు గీసుకుంటూ కూర్చుంది. ఐదున్నర కావస్తోంది, ఆఖరి బస్సు ఆరింటికి. ఇక పుట్టింట్లో దింపక తప్పదేమో అనుకున్నాను.

“పైన నామం పెట్టి, అటో చక్రం ఇటో శంఖం పెడితే,” అంది మా ఆవిడ, “అప్పుడది దేవుడి పేరే గదండి.”

ఆలోచన బాగుంది, కానీ నాలోని పంతులు ఊరుకోలేదు. దేవుడు వెంకటేశ్వర్లు కాదు, వెంకటేశ్వరుడు. ఆ చివరి ‘ర్లు’ ఉన్నంతకాలం అది మా అన్నయ్యే. డేరా ముందు నేల మీద పుల్లతో పేరంతా రాసి, చివరి అక్షరం దగ్గర ఆగాను. దాని కొమ్మునూ, కింద ఉన్న లావత్తునూ శంఖంలో కలిపేస్తే ‘ర’ ఒక్కటే మిగులుతుంది. వెంకటేశ్వర. పొడిచే ఆమె ఆ గీతల్ని తలతిప్పి తిప్పి చూసి, “ఈ తోకలు మింగేస్తే చాలా? అదెంత పని,” అంది.

ఆకు పసరులో మసి రంగరించి, మూడు సూదులు కలిపి కట్టి మొదలుపెట్టింది. మొన్నమొన్న మానిన చోటే మళ్ళీ పొడవడం. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది, కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. నాకు సిగ్గేసింది. ఎండలో అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవాలనిపించింది. పసుపు రాయించుకుని పరుగున వచ్చి ఆరింటి బస్సు పట్టుకున్నాం. అది ఆరున్నరకు కదిలింది.

నందిగామలో ఎక్కిన ఒక పెద్దావిడ మా ముందు నిలబడి, కమ్మీ పట్టుకోబోతూ మా ఆవిడ చెయ్యి చూసింది. నామం, చక్రం, శంఖం. రెండు చేతులూ జోడించి, ఆ ముంజేతిని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుని, “గోవిందా,” అంది. మా ఆవిడ నా వైపు తిరిగింది. రేపు అమ్మ కూడా ఆ చేతికి దణ్ణం పెట్టాల్సిందే తప్ప, ఆ చేతి అన్నం తోసెయ్యలేదని ఇద్దరికీ తెలిసిపోయింది. అప్పుడు ఆమె చీరల సంచి ఒళ్ళోంచి తీసి సీటు కిందకు తోసింది.

కాసేపాగి, “ఇంతకీ మీ పేరెట్టా ఉంటదో రాసి చూపిచ్చండి,” అంది. టిక్కెట్టు వెనక పెన్సిలుతో రాసి ఇచ్చాను. దాన్ని బస్సు దీపం వెలుగులో పెట్టుకుని, వేలితో ఒక్కో అక్షరం తడుముతూ చాలాసేపు చూసింది.

ఇదే పని మీద ఈ దారిన వెళ్ళేవాళ్ళకు బస్సుల వేళలు చెప్పాను, వాటిని నమ్మొద్దనీ చెబుతున్నాను. అంతకంటే పనికొచ్చే మాట మా ఆవిడ కీసర వంతెన మీద అంది.

“ఊళ్ళో పిల్లలందరికీ రాసిస్తారు గదండి. పేటకి వెళ్ళేటప్పుడు నాకీ ముక్క రాసిచ్చుంటే సరిపోయేది.”

పొద్దుటి నుంచి అందరి మీదా విసుక్కున్నవాణ్ణి. కంచికచర్ల రాగానే సీటు కింది చీరల సంచి తీసి, నేనే మోసుకుంటూ దిగాను.