ఈసారి ముందే తెలిసింది

ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే తెరేసమ్మకు నలభయ్యో ఏట మళ్ళీ నెల తప్పింది. కూతురు కృపకు అప్పటికే పదహారేళ్ళు.

కృప డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్ల. పామర్రులో కాన్పు చేసినవాళ్ళు ఆ సంగతీ గమనించలేదు, గుండెలో రంధ్రం ఉన్న సంగతీ గమనించలేదు. ఐదో నెలలో పిల్ల పెదాలు నీలంగా మారితే ఒళ్ళో పెట్టుకుని విజయవాడకు పరిగెత్తింది తెరేసమ్మ. ఆపరేషన్ తర్వాత ముప్పై ఎనిమిది రోజులు ఆస్పత్రిలోనే. ఎలాగో బతికింది.

అందుకే ఈసారి కాన్పు చూస్తున్న డాక్టర్ శాలిని గారు, "తల్లి రక్తంలో బిడ్డ డీఎన్‌ఏ కూడా తిరుగుతుంటుందమ్మా. ఈ బిడ్డకూ డౌన్ సిండ్రోమ్ ఉందేమో ముందే చూడ్డానికి కడుపులో సూది గుచ్చక్కర్లేదు, నీ రక్తం చాలు," అనగానే తెరేసమ్మ చెయ్యి చాపింది.

రిపోర్టులో డౌన్ సిండ్రోమ్ ఉండే అవకాశం ఎక్కువని వచ్చింది. "ఇది అనుమానమే. రూఢి కావాలంటే ఉమ్మనీరు తీసి చూడాలి," అన్నారు శాలిని. అదీ చూశారు. నిజమేనని తేలింది.

ఆ రోజు భర్త మరియదాసు కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"మన తర్వాత ఇద్దర్నీ ఎవరు చూస్తారే?"

"కృప పుట్టినప్పుడూ ఇదే అన్నావు. నీ కంచంలో పప్పు ఎవరు వండారు?"

మరియదాసు కంచంకేసి చూశాడు. "కృపే," అన్నాడు మెల్లగా. "అయినా భయమేస్తోంది తెరేసా."

"నాకు మాత్రం లేదా? అప్పుడు మనకేం తెలీదు. ఇప్పుడు తెలుసుగా. ముందు గుండె సంగతి చూపిద్దాం."

ఐదో నెల దాటాక స్కాన్‌లో బిడ్డ గుండెలోనూ రంధ్రం కనబడింది. ఈసారి ఎవరూ పరుగులు పెట్టలేదు. గుండె డాక్టర్లున్న ఆస్పత్రిలోనే కాన్పు జరిగింది. మగపిల్లాడు. స్టీఫెన్ అని పేరు పెట్టారు. నాలుగో నెలలో, పెదాలు ఇంకా ఎర్రగా ఉండగానే ఆపరేషన్ చేశారు. తొమ్మిదో రోజున ఇంటికొచ్చేశాడు. కృప తమ్ముణ్ణి ఆ రోజంతా ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు అలాంటి రిపోర్టు వచ్చినవాళ్ళను శాలిని గారు, వాళ్ళు సరేనంటే, తెరేసమ్మతో మాట్లాడిస్తారు. "ఏం చెయ్యాలో నేను చెప్పనమ్మా, అది నీ ఇష్టం. ఒక పూట మా ఇంటికి రా, మా పిల్లల్ని చూసి వెళ్ళు," అంటుంది తెరేసమ్మ.

మొన్న స్టీఫెన్‌కు రెండో ఏడు నిండింది. గుండె డాక్టరు పరీక్ష చేసి, "ఇక ఏడాదికోసారి వస్తే చాలు," అన్నాడు. తెరేసమ్మ లిఫ్టు కోసం ఆగలేదు. కొడుకును భుజానెక్కించుకుని మూడంతస్తుల మెట్లూ నవ్వుతూ దిగింది.